టీ ఖర్చు కింద రాసినవి

బీకాం చదివినందుకు నాకు దక్కిన ఏకైక పదవి హమాలీల సంఘం లెక్కల తనిఖీ. జీతం లేదు. గౌరవం ఉందంటారు, నాకు ఇంతవరకు తగల్లేదు. మా నాన్న నరసరావుపేట గోడౌన్లలో బస్తాలు మోసి నన్ను చదివించాడు. నేను ఎరువుల కొట్లో గుమాస్తాగా కుదిరాను కాబట్టి బస్తాలకు మరీ దూరమేం పోలేదు.

రిజిస్టరైన సంఘం కనుక ఏటా జమాఖర్చులు సరిచూసి లేబరాఫీసుకు పంపాలి. ఆడిటరును పెట్టుకునే స్తోమత లేక తనిఖీదారులం మేమిద్దరమే ఆ పని చేసేవాళ్లం. రెండో ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. సంతకం మాత్రం నాదానికంటే బాగుంటుంది.

రాబడి సంగతి తేలిక. ఎత్తిన ప్రతి లారీకీ ఒక బస్తా కూలి సంఘానిది. కోశాధికారి ఒకప్పుడు మా నాన్నతో జోడీగా బస్తాలెత్తిన మనిషి, నేను బాబాయ్ అంటాను. ఆయన పుస్తకంలో జమ వైపు తప్పు దొరకదు. ఖర్చు వైపు చూస్తే ఎక్కువ భాగం టీ. ఆ లెక్క నిజమైతే మా హమాలీలకు ఏ ఏడాదీ బస్తా ముట్టుకునే తీరిక దొరికి ఉండదు.

కారణం అందరికీ తెలుసు. ఎవరింట్లోనైనా ఆపరేషనో, చావో, పిల్ల కాలేజీ ఫీజో వచ్చిపడితే ఆ మనిషి బాబాయ్ దగ్గరికి వచ్చి, ‘టీ తాగొద్దాం పదన్నా’ అంటాడు. ఇద్దరూ రోడ్డు దాటి వెళ్తారు. తిరిగొచ్చేసరికి బాబాయ్ జేబు పలచబడి ఉంటుంది. పుస్తకంలో టీ ఖర్చని పడుతుంది. పేరుండదు. బస్తా వీపు మీదికి ఎక్కించమని ఎవరినైనా అడుగుతారు గానీ, డబ్బు అడిగానని నలుగురికీ తెలియడం మావాళ్లకు చావుతో సమానం. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. బాబాయ్‌కి ముందు కోశాధికారి కూడా టీ బాగానే తాగినట్టు పాత పుస్తకాలు చెబుతున్నాయి.

ఒక ఏడాది లేబరాఫీసులో కొత్త గుమాస్తా వచ్చాడు. పాతవాళ్లకు లేని దురలవాటు ఆయనకుంది, పంపిన కాగితాలు చదివేవాడు. టీ ఖర్చుకు బిల్లులు గానీ వివరణ గానీ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ సంగతి ఆలోచించాల్సి వస్తుందని రాశాడు. రిజిస్ట్రేషన్ పోతే కూలి రేటు గురించి కొట్లవాళ్లు మాతో మాట్లాడరు. ఇదే అదనుగా పడమటి గోడౌన్ల ముఠా మేస్త్రి, టీ డబ్బంతా బాబాయ్ తినేశాడని ప్రచారం మొదలుపెట్టాడు. కోశాధికారి కుర్చీ మీద అతనికి చానాళ్లుగా కన్నుంది.

మధ్యాహ్నం బస్తాల నీడన కూర్చున్న బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

‘బాబాయ్, పేర్లు చెప్పు. సభ్యులకు సాయం అని రాస్తా. రూలు ఒప్పుకుంటది.’

‘టీ తాగినోళ్ల పేర్లు ఎవడన్నా రాస్తాడంట్రా?’

‘చెప్పకపోతే నిన్ను దొంగంటారు.’

‘అనేవాడు ఎట్టాగూ అంటాడు. నువ్వు బీకాం చదివావుగా, పేర్లు లేకుండా ఏదోటి రాయి.’

‘అట్టా రాయడం బీకాంలో చెప్పలా.’

‘మరేం చెప్పార్రా మూడేళ్లూ?’



ఆదివారం సంఘం షెడ్డులో సభ పెట్టారు. ముందుగా మేస్త్రి లేచాడు.

‘మేమూ చానా ఏళ్లుగా టీ తాగుతున్నాం గానీ, ఇంత టీ మాకు తెలవదు. బాబాయ్, యాడన్నా టీ తోట కొన్నావా ఏంది?’

అందరూ నవ్వారు. బాబాయ్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ‘రాసింది రాశా. నేను తిన్లా’ అన్నాడు.

‘తిన్లేదులే, తాగావు!’ అన్నారు వెనక నుంచి ఎవరో. ఈసారి నవ్వు ఇంకా పెద్దది.

బాబాయ్‌తో రోడ్డు దాటి వెళ్లినవాళ్లు ఆ షెడ్డులో డజనుకు తక్కువ ఉండరు. అందరూ తమ కాళ్లవంక చూసుకుంటున్నారు. ఒక్కడు లేచి, ‘నేను తీసుకున్నా’ అంటే చాలు, ఆయన పరువు దక్కేది. నేనూ లేవొచ్చు. మా నాన్న ఆఖరిసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ రోడ్డు నేనూ దాటాను. తనిఖీదారు సభలో తటస్థంగా ఉండాలని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తులేదు.

బాబాయ్ లేచాడు. పుస్తకమూ బీరువా తాళాలూ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మేస్త్రి కోశాధికారి అయ్యాడు. ఇకమీదట సాయం కావలసినవాళ్లు అర్జీ పెట్టాలనీ, దాన్ని సభలో చదివి మంజూరు చేయాలనీ తీర్మానించారు. ఆ తీర్మానం నేనే రాశాను, కుదురైన అక్షరాలతో. పాత ఖర్చుకు వివరణగా, బాధ్యుణ్ణి తొలగించామని రాశాను. లేబరాఫీసు గుమాస్తా చదివి, ‘రికార్డంటే ఇట్లా ఉండాలండీ’ అని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఒక్క అర్జీ కూడా రాలేదు. జబ్బులు తగ్గిపోయాయని కాదు. వరిబీజం ఆపరేషను చేయించుకున్న ఒకతను వారం వడ్డీకి తెచ్చాడని తెలిసి, సంఘంలో అడగొచ్చుగా అన్నాను. ‘అక్కడ చదువుతారుగా బావా’ అన్నాడు. కొత్త కోశాధికారి నిజాయితీపరుడే. అడిగేవాళ్లు లేక అతనికే దిగులు పట్టుకుంది. ‘ఇంత డబ్బు ఏం చేసుకుందాం బావా?’ అని నన్నడిగాడు. షెడ్డుకు రంగులేయించమన్నాను. వేయించాడు. బాగానే ఉంది.

మొన్న వినుకొండ బస్సు కోసం నిలబడిన బాబాయ్ కనిపించాడు.

‘లెక్కలెట్టున్నయ్‌రా?’

‘ఒక్క తప్పు లేదు బాబాయ్.’

‘మంచిది.’

ఎన్నాళ్లుగానో మింగుతున్న మాట అన్నాను. ‘ఆ రోజు నేను లేవాల్సింది.’

‘నువ్వు లేస్తే మిగతావాళ్లందరికీ లేవక తప్పేది కాదు. కూర్చున్నావు, అదే మంచిదైంది’ అన్నాడు.

నా మీద తప్పు లేకుండా చేయడానికే ఆ మాట అన్నాడని తెలుసు. నేను కాదనలేదు.