రెండు వేళ్ళ సందు

పోయిన గురువారం పొద్దున తల్లాడ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, అబ్బా పోయిండు. రాత్రి ఛాతిల నొప్పి అన్నడు, దవాఖానాకు తీసుకపోయేలోపే అయిపోయింది. మధ్యాహ్నం జుహర్ నమాజ్ అయినంక మట్టి. మీకు తప్పకుండ చెప్పమన్నది అమ్మీ," అన్నాడు మా మేస్త్రి కొడుకు. చేతిలో టీ చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చున్నానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఆయన పేరున్న మనిషేం కాదు. అటు మధిర, బోనకల్ దాకా ఎన్నో ఇళ్ళకు గోడలు లేపిన తాపీ మేస్త్రి. మా ఇంట్లో ఆయన కట్టింది ఒకే ఒక్క స్తంభం, దాని చుట్టూ ఒక చిన్న గది. ఆ స్తంభం గురించే ఇది రాస్తున్నాను. అందులో నా తప్పొకటి ఉంది, అదీ రాస్తాను. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని "నువ్వు" అనే పిలిచాను. ఈ గౌరవాలన్నీ ఇప్పుడు వస్తున్నాయి, ఎవరికి కావాలి?

ఖమ్మంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట చిన్న ఇల్లు కట్టుకున్నాను. తూర్పున టేకు చెట్లు, పడమర మిర్చి చేలు. వీధి దీపాల గొడవ లేదు కాబట్టి చుక్కలు బాగా కనిపిస్తాయి. పెరట్లో టెలిస్కోపుకు ఒక గది కట్టించాలన్నది నా చాలా ఏళ్ళ కోరిక. పైన పక్కకు జరిగే రేకుల కప్పు, మధ్యలో టెలిస్కోపును బిగించడానికి సిమెంటు స్తంభం. టెలిస్కోపు చంద్రుణ్ణి ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో మన వణుకునూ అన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది. అందుకని స్తంభానికి విడిగా లోతైన పునాది కావాలి. గది నేల దానికి తగలకూడదు, చుట్టూ రెండు వేళ్ళ సందు విడవాలి. అప్పుడు నేల మీద ఎవరు నడిచినా ఆ అదురు స్తంభానికి పోదు. ఇదంతా కాగితం మీద గీసి మేస్త్రికి ఇచ్చాను.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "గింత పునాది మీ ఇంటికి గూడ లేదు గద సార్. దీని మీద ఏం పెడ్తరు, నీళ్ళ ట్యాంకా?"

"చంద్రున్ని చూసే గొట్టం."

"గొట్టానికా ఇదంత?" అని నవ్వారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఇందుల రంజాన్ నెలవంక కనబడ్తదా సార్? మూడేండ్ల సంది నా కండ్లకు ఆనుతలేదు. పక్కోళ్ళు అగో అంటే నేను గూడ అవ్ అవ్ అంటున్న."

"ఈసారి పండుగ నెలవంక అందరికంటే ముందు నువ్వే చూస్తవు మేస్త్రీ. మాటిస్తున్న," అన్నాను. ఆయన మాట అడగలేదు. నేనే ఇచ్చాను.

ఛాతీలోతు గొయ్యి తీయించినా, గట్టి మొరం నేల తగిలేదాకా ఆయన ఒప్పుకోలేదు. గొయ్యిలోకి తానే దిగి మడమతో తొక్కి చూసి, "ఇంక ఒక అడుగు పోవాలె" అనేవారు. ఇనుప చువ్వల బుట్ట కట్టి, కంకర పోసిన రోజున మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. స్తంభానికి గోనె పట్టాలు చుట్టించి, రోజూ పొద్దున్నే తల్లాడ నుంచి ఫోన్ చేసేవారు. నమస్తే లేదు, ఏం లేదు. "నీళ్ళు కొట్టిన్రా?" కొట్టానంటే, "ఎన్నిసార్లు?" ముప్పై ఏళ్ళు పిల్లలను నిలబెట్టి ప్రశ్నలు వేసినవాణ్ణి, రెండుసార్లేనని నీళ్ళు నమిలేవాణ్ణి. "సిమెంటు ఎండద్దు సార్, పండాలె. పండుకు టైం పడతది గద," అనేవారు.

గది నేల వేసే సమయానికి నేను పంటి వైద్యం కోసం ఖమ్మం పోయి రెండు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నేల పూర్తయింది. స్తంభం చుట్టూ విడవమన్న సందు లేదు. సిమెంటుతో నింపి, అంచు గుండ్రంగా తిప్పి, తాపీతో అద్దంలా నునుపు చేశారు. ఆయన తలుపు దగ్గర నిలబడ్డారు, మెచ్చుకుంటానని.

"సందు ఏది?" అన్నాను.

"మూసేసిన సార్. అడివి పక్కన ఇల్లాయె. సందుంటే తేళ్ళు, జెర్రులు దూరుతయ్. మీరు లైటు బందు వెట్టి చెప్పుల్లేకుంట తిరుగుతరు. గందుకని."

నా కోసమే మూశారు. ఆ మాట నా చెవిన పడింది, బుర్రకెక్కలేదు. కూలీల ముందు, ఆయన చేతికింద పనిచేసే మనుషుల ముందు గట్టిగా అన్నాను. "అక్షరం ముక్క రానోనికి కాగితం ఇచ్చుడు నాదే బుద్ధి తక్కువ."

ఆయన కూలీలను ఇంటికి పంపేశారు. ఉలి, సుత్తె తీసుకుని స్తంభం పక్కన చతికిలబడి, తాను నునుపు చేసిన సిమెంటును తానే పగలగొట్టడం మొదలుపెట్టారు. రెండు రోజులు పట్టింది. స్తంభం మీద ఒక్క గీత పడలేదు. చివర్న పాత సైకిల్ ట్యూబు పట్టీలుగా కోసి ఆ సందులో వదులుగా కూరారు. "ఇది మెత్తగుంటది సార్. అదురు పోదు, తేలు రాదు," అని చెప్పి తాపీ కడుక్కున్నారు. నా కాగితంలో లేని తెలివి అది. నేను "సరే" అన్నాను. అంతే అన్నాను. క్షమించమని అడగడానికి అప్పుడు ఒక నిమిషం పట్టేది.

తర్వాత మా ఆవిడను ఆ గదిలో అటూ ఇటూ నడవమని చెప్పి చూశాను. టెలిస్కోపులో చుక్క కదల్లేదు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పలేదు.

రంజాన్ ఆఖరి సాయంత్రం ఖమ్మం నుంచి నా పాత మిత్రులు రెండు కార్లలో వచ్చారు. పొద్దు గుంకగానే వాళ్ళను గదిలో నిలబెట్టి నెలవంకను వెతుకుతున్నాను. అది దిగిపోయేలోగా పట్టుకోవాలి. అప్పుడే గేటు ముందు మోపెడ్ ఆగింది. తెల్ల బట్టలు, టోపీ. మేస్త్రి. చూశాను. లోపలికి వస్తాడులే అనుకుని మళ్ళీ పనిలో పడ్డాను. నెలవంక దొరికింది, మిత్రులు ఒకరి తర్వాత ఒకరు చూశారు, నేనేదో పాఠం చెప్పాను. మళ్ళీ తిరిగి చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. వచ్చినవాడు లోపలికి రావచ్చు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పండుగకు ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. తర్వాత చెయ్యడానికి మొహం చెల్లలేదు.

ఆ గురువారం కబరస్తాన్‌లో అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. వాళ్ళ ఇంటికి వచ్చాక కొడుకు నన్ను ముందు గదిలో కూర్చోబెట్టాడు. లోపలి గుమ్మానికి పరదా ఉంది. దాని వెనక నుంచి ఆయన భార్య మాట్లాడింది.

"సార్, మీరు నెలవంక చూపించిన నాడు మనిషి ఎంత ఖుషీగ వచ్చిండో. ఉపాసం విడిచేతందుకు ఖర్జూరాలు జేబుల వేసుకొని పోయిండు. వచ్చి చెప్పిండు, సార్ అందరికంటె ముందు నన్నే పిలిచిండు, మాట నిలబెట్టుకున్నడు అని. వాడకట్టు అంతటికి చెప్పిండు."

ఆ ఖర్జూరాలు మా గేటు ముందే నిలబడి తిని ఉంటారు. ఏమీ చూడకుండా అంత దూరం వెనక్కి పోయి, ఇంట్లోవాళ్ళ ముందు నా పరువు కాపాడారు. ఆయనకు నేను చేసిన దానికి, ఆయన నాకు చేసినది అది.

"చూసేటప్పుడు కుర్సీ వేసిన్రా సార్?" పరదా వెనక నుంచి మళ్ళీ అడిగింది. "మోకాళ్ళు పట్టుకపోయినయ్ ఆయనకు. వంగలేడు. నేనడిగితే ఆ ముచ్చట చెప్పలే."

కొడుకు నా వైపే చూస్తున్నాడు.

"వేసినమ్మా," అన్నాను. "కుర్సీల కూసొనే చూసిండు. చానాసేపు చూసిండు."

"మంచిగ చేసిన్రు సార్," అన్నది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఇంట్లో ఉన్న కుర్చీల్లో చేతులున్నదాన్ని వెతికి తీసుకుపోయి స్తంభం పక్కన వేశాను. కూర్చున్న మనిషి కంటికి అందేట్టు టెలిస్కోపును సరిచేసి పడమటికి తిప్పాను. ఆ రోజు అటువైపు చంద్రుడు ఉండడని నాకు తెలుసు. అయినా కప్పు జరిపి, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.