అమావాస్య నాడు తెచ్చిన బండి

నిజం చెప్పండి: మీరు కొన్న కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారా, లేదా? తల దించుకోకండి, మీరొక్కరే కాదు. డాక్టర్లు పెట్టారు, ఇంజనీర్లు పెట్టారు, నాతో పాటు పనిచేసిన భౌతికశాస్త్రం మాస్టారు ముందు చక్రాలకే పెడితే వెనక చక్రాలు నొచ్చుకుంటాయేమోనని నాలుగింటికీ పెట్టాడు. అదేమని అడిగితే "ఇంట్లో వాళ్ల పోరు సార్" అని భార్య మీదికి నెట్టేశాడు. నేను పెట్టలేదు. పెట్టకపోవడమే కాదు, పెట్టినవాటిని తీసేశాను. ఆ తర్వాత నాకేం జరిగిందో చెబుతాను.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, కరోనా తగ్గి, జనం మాస్కులు గడ్డం కిందికి దించుకున్న రోజులు) నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని. పగలు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేవాణ్ని, సాయంత్రం ఊరికి హేతువాదం చెప్పేవాణ్ని. పిల్లలకు హాజరు ఉండేది కాబట్టి వినేవాళ్లు, ఊరికి ఆ ఇబ్బంది లేదు. నేను రావడం చూసి టీ అంగడి బెంచీలు ఖాళీ అయ్యేవి. నా వాదనకు జడిసి లేచిపోతున్నారని మురిసిపోయేవాణ్ని. లోకం మారకపోవడానికి కారణం ఎవరూ దానికి సరిగ్గా వివరించి చెప్పకపోవడమేనని, ఆ పని నా మీద పడిందని నా గట్టి నమ్మకం. (నమ్మకం అనే మాటను నేను నా విషయంలో వాడేది ఈ ఒక్కచోటే.)

మా అక్కను పులివెందుల దగ్గర ఒక పల్లెకు ఇచ్చాం. వాళ్లది చీనీ (అంటే బత్తాయి) తోట. బావ గుండెపోటుతో పోయాక తోటంతా అక్కే చూసుకుంటోంది. తోటకు పోయే దారి సగం వాగు, సగం బండరాళ్లు. వాన పడితే ట్రాక్టరు తప్ప ఏదీ పోదు. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే డీజిల్ బండి ఒకటి కొనాలని అక్క నిర్ణయించుకుంది. ఆమెకు డ్రైవింగ్ నేర్పింది ఆ ఊరి కువైట్ మామ. కువైట్‌లో షేకుల బండ్లు తోలి తోలి ఊరికి తిరిగొచ్చిన ముసల్మాను పెద్దమనిషి. ఊరందరికీ మామే.

అడ్డుపడింది ఇంకో మామ. అక్క అత్తగారి తమ్ముడు. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న పంచాంగం ఉంటుంది కాబట్టి ఆయన్ని పంచాంగం మామ అందాం. బావ పోయిన నాటినుంచి తోటను తనకు కౌలుకివ్వమని ఆయన అడుగుతూనే ఉన్నాడు. బండి మాట వినగానే వచ్చి అరుగు మీద కూర్చుని అక్క గురించి మొదలుపెట్టాడు.

"కొనండి, నేనేం వద్దనను. కానీ ఆ పాప ముందర కూచోగూడదు. పసుపూ కుంకుమా పోయిన చెయ్యి కొత్తబండి మీద పడితే కీడు. తాళం నా కాడుంటాది, యాడికి పోవల్లన్నా నేను తోల్కపోతా."

తాళం ఆయన దగ్గరుంటే బోర్ల దగ్గరికి ఎప్పుడు పోవాలో, కాయలు ఏ మండీకి పోవాలో ఆయనే చెబుతాడు. ఏడాది తిరిగేసరికి తోట ఆయనదే. ఈ సంగతి అరుగు మీది వాళ్లందరికీ తెలుసు. అక్కకు ఇంకా బాగా తెలుసు. "తోలేది నేనే మామా" అంది, అంతే. నేను మాత్రం అంతటితో ఊరుకోలేదు. ఆడదాని చెయ్యి, ఇనుము, ఇంజను, సతీసహగమనం, వీటన్నిటి మీదా గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను. నేను ముగించేసరికి అరుగు మీద కువైట్ మామ ఒక్కడే మిగిలాడు, ఆయన కూడా నిద్రపోతున్నాడు.

సరే, ప్రొద్దుటూరు షోరూములో బండి బుక్ చేశాం. అక్కడ మాకు తగిలిన అబ్బాయికి నేను "రేపు సారు" అని పేరు పెట్టాను. ఎప్పుడడిగినా "రేపు చెప్తా సార్" అనేవాడు. ఆ రోజుల్లో బండ్లకు చిప్పులు దొరకడం లేదట. చిప్పులు వచ్చాక రంగు దొరకలేదు. రంగు దొరికాక లారీ దొరకలేదు. లారీ దొరికిందని తెలిసి నేను కాలేజీకి సెలవు పెట్టి పోతే, అది వేరేవాళ్ల బండి. వేసవి పోయింది, వానలు వచ్చాయి, తోట దారిలో వాగు పారింది. అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నడుములోతు నీళ్లలో మోటారు దగ్గరికి పోయి వస్తోంది. పంచాంగం మామ మాత్రం గట్టు మీద నిలబడి "ఆ దేవుడే రానీకుండా ఆపుతాండాడు, మీకు అర్థం కాలే" అని అంటున్నాడు.

చివరికి ఒకరోజు రేపు సారే ఫోన్ చేశాడు. గొంతులో ఏదో సిగ్గు.

"సార్, జమ్మలమడుగు ఆసామి ఒకాయన బండి వచ్చింది. మూఢం నడుస్తాందంట, నెల దాకా ముట్టుకోనంటాండాడు. మాకేమో ఈ నెలాఖరుకు బిల్లు కావల్ల. నెలాఖరు మంగళవారం, దానికితోడు అమావాస్య. మీరు... ఇట్లాంటివి నమ్మరంట గదా?"

నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. అన్నాళ్లూ నా హేతువాదం వల్ల నాకు దక్కింది ఖాళీ బెంచీలే. మొదటిసారి అది ఒక పనికొచ్చింది! అమావాస్య, మంగళవారం, పొద్దున యమగండం కూడా చూసుకుని మరీ పోయాను. నేనూ, అక్కా, కువైట్ మామా. అలవాటు కొద్దీ షోరూము పిల్లలు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను ఒంగి వాటిని ఏరి జేబులో వేసుకుని, అక్కడున్న సేల్సువాళ్లకూ, కాపలా మనిషికీ, వేరే బండి చూడటానికి వచ్చిన ఒక కుటుంబానికీ కలిపి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అక్క తాళం తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. అద్దంలో ఆమె ముఖం చూశాను. బావ పోయాక ఆ ముఖంలో అలాంటి వెలుగు చూడటం అదే మొదలు.

జమ్మలమడుగు దాకా బండి వెన్నలా పోయింది. అక్కడ పెన్న పక్కన ఆపి నిమ్మకాయలతో షర్బత్ కలుపుకుని తాగాం. నా ఖర్మ, ఇసుక కనపడింది. "అక్కా, నాలుగు చక్రాల గేరు వేసి చూద్దామే" అన్నాను. వేసింది. బండి ఇసుకలో ఏనుగులా నడిచింది. చప్పట్లు కొట్టాను. మళ్లీ మామూలు గేరులోకి రమ్మంటే రాలేదు. ఆపి లాగాం, న్యూట్రల్‌లో పెట్టి లాగాం, కువైట్ మామ అరబ్బీలో తిట్టి లాగాడు. లివరు కదల్లేదు. రేపు సారుకు ఫోన్ చేస్తే "అట్లే మెల్లగా పోండి సార్, రేపు చూస్తాం" అన్నాడు. ముద్దనూరు మీదుగా పులివెందులకు, ఇంజను గంగవెర్రులెత్తినట్లు అరుస్తుంటే, నడిచిపోయే మనిషి కంటే కాస్త వేగంగా పోయాం. దారిలో ఒక గొర్రెల కాపరి కాసేపు మాతో పాటు నడుస్తూ "కొత్తదా? బాగుండాది. పొద్దున బయల్దేరినారా?" అని పరామర్శించి, అడ్డదారి తెలుసని మాకంటే ముందు వెళ్లిపోయాడు.

పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. అరుగు మీద అందరూ ఉన్నారు. పంచాంగం మామ ఆకాశం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, జేబులోని పంచాంగాన్ని ఒకసారి తట్టాడు. నా ఉపన్యాసాలన్నీ కలిపినా అంత అర్థం ఉండదు.

లివరు బాగుచేశారు. తర్వాత ఏసీ మొదలైంది. చల్లగాలి రాదు, చల్లని నీళ్లు మాత్రం ముందు సీటులో కూర్చున్నవాళ్ల పాదాల మీద ధారగా పడతాయి. మొదటిసారి ఎక్కిన అత్తమ్మ (అక్క అత్తగారిని నేను అలాగే పిలుస్తాను) పాదాల మీదే పడ్డాయి. ఆమె మైల తగిలినట్టు దిగి ఇంట్లోకి పోయి స్నానం చేసింది. ఆ తర్వాత, ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది. ప్రతిదానికీ నేను ప్రొద్దుటూరుకూ పులివెందులకూ మధ్య తిరుగుతూ, ఊళ్లో మాత్రం "కొత్త యంత్రానికి బాలారిష్టాలు సహజం" అని చెబుతూ వచ్చాను. "బాలారిష్టాలంటే గ్రహదోషమే గదప్పా?" అన్నాడు పంచాంగం మామ. ఆ మాటను అప్పటినుంచి వాడటం మానేశాను.

అన్నిటికంటే చివర ఒక పసుపు దీపం వచ్చింది. స్పీడు ముల్లు పక్కన వెలిగింది, ఆరదు. దాంతో బండి బలం తగ్గింది, గట్టు ఎక్కనంది. ఊళ్లో అప్పటికే ఇదంతా అక్క చేతి కీడేనన్న మాట పాకిపోయింది, అక్క ఎదురొస్తే జనం పక్క సందులోకి తప్పుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు బావ పోయిన కొత్తలో ఉండి, మెల్లగా తగ్గిన అలవాటు అది. నేను తెచ్చిన బండి దాన్ని మళ్లీ తెచ్చింది. ఒక సాయంత్రం అక్క తాళం గూట్లో పెట్టి నాతో అంది:

"అబ్బీ, నాకు శాతగాదు. ఈ ఆదివారం దాకా చూస్తా. ఆ దీపం ఆరకుంటే తాళం మామకిచ్చేస్తా. తోట గూడా ఆయన్నే చూసుకోమంటా."

పరుగున ప్రొద్దుటూరు పోయి సర్వీసు వాళ్ల మీద పడ్డాను. అక్కడి ఇంజనీరు తాపీగా చెప్పాడు. కొత్తరకం డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. తోటదారిలో చిన్న గేరులో పాకడం, మోటారు షెడ్డు దగ్గర ఆపడం, మళ్లీ పాకడం, దీనివల్ల మసి నిండిపోయింది. మంచి రోడ్డు మీద ఎక్కడా ఆపకుండా అరగంట వేగంగా తోలితే వేడికి మసి కాలిపోయి దీపం దానంతటదే ఆరుతుంది. మంత్రం లేదు, పార్టు లేదు. నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే ఎవరూ బండి ఎక్కనన్నారు. అక్క ఒక్కతే తోలి దీపం ఆర్పుకొస్తే ఎవరు నమ్ముతారు? సాక్షులు కావాలి. చివరికి పంచాంగం మామే దారి చూపాడు: గండి ఆంజనేయుడి దగ్గర పూజ చేయిస్తే పోతుంది, ఆ ప్రయాణానికైతే తానూ, అత్తమ్మా వస్తారు. గుడికి పోవడానికి నేను ఒప్పుకున్నాను! నా జీవితంలో అంత సంతోషంగా ఏ గుడికీ బయల్దేరలేదు. ఎక్కేముందు అందరికీ వినపడేలా చెప్పాను: "దీపం రోడ్డు మీదే ఆరుతుంది. గుడి చేరకముందే. గుర్తుపెట్టుకోండి."

వేంపల్లె రోడ్డు ఎక్కగానే అక్క వేగం పెంచింది. పక్కన నేను, వెనక అత్తమ్మ, ఇద్దరు మామలు.

"మేయ్ పాపా, ఆడ ఆపు, టెంకాయ తీసుకోవల్ల" అన్నాడు పంచాంగం మామ.

"ఆపొద్దక్కా! మసి కాలుతోంది!"

"పూలన్నా తీసుకుందాం."

"ఆపొద్దు!"

"అబ్బీ, నాకు ఒంటేలుకు వస్తాంది" అని మూలిగాడు కువైట్ మామ.

"మామా, మీ కాళ్లు పట్టుకుంటా, బిగబట్టుకోండి. ఒక వితంతువు బతుకు మీ చేతిలో ఉంది."

"యా అల్లా" అన్నాడాయన, "చేతిలో కాదులే."

అక్కది రోడ్డు మీద చూపు, దీపం మీద చూపు. అరగంట గడిచింది. ఆరలేదు. ఇంజనీరు అబద్ధం చెప్పాడా? దూరంగా గండి కొండ కనపడింది. అత్తమ్మ రెండు చేతులూ జోడించి "ఆంజనేయా!" అని కారు దద్దరిల్లేలా అరిచింది. ఆ కేక పూర్తికాకముందే దీపం ఆరిపోయింది.

ఒక్క నిమిషం ముందు ఆరి ఉంటే ఏం పోయింది? ఒక్క నిమిషం! "గుడి ఇంకా రాలేదు! మసి కాలింది! నేను ముందే చెప్పాను!" అని అరిచాను. వినేదెవరు? అత్తమ్మ కళ్లలో నీళ్లు. పంచాంగం మామ వెనక్కి వాలి "ఆంజనేయస్వామి దూరం నుంచే చూసినాడు లే. నీ మాదిరి దగ్గరికొచ్చి గంటసేపు చెప్పాల్సిన పని లేదు ఆయప్పకు" అన్నాడు. నేను తల కిటికీకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాను. శాస్త్రం నా కళ్లముందే పనిచేసింది, నా కళ్లముందే దాని ఫలితాన్ని వేరొకరు ఎత్తుకుపోయారు.

అప్పుడు కువైట్ మామ నోరు విప్పాడు. "అవునప్పా, స్వామి ఆర్పినాడు, ఒప్పుకుంటా. మరి తోలింది ఎవరు? ఆ పాప చెయ్యి కీడైతే, ఆమె చేతికింద ఉండే బండికి స్వామి ఎందుకు మేలు చేస్తాడు? నీకు తోలనిచ్చి ఆర్పొచ్చు గదా?"

పంచాంగం మామ జేబు తడుముకున్నాడు. పంచాంగం తీసి, రెండు పేజీలు తిప్పి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. అత్తమ్మ ముందుకు ఒంగి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "తాళం దాని కాడనే ఉండనీరా. స్వామి మాటే ఆయె."

అలా తోట దక్కింది. నేను మాత్రం కోలుకోలేదు. ఎందుకంటే వారం తిరక్కముందే ఆ ఊళ్లో కొత్త ట్రాక్టరు తెచ్చినాయన అక్క ఇంటికొచ్చి "మ్మే, మొదట నువ్వు ఎక్కి తోలితే కలిసొస్తాదంట" అన్నాడు. తర్వాత ఆటో, తర్వాత రాజుపాలెం నుంచి ఎవరిదో కారు. నిన్న తప్పుకున్న సందుల్లోంచే జనం ఎదురొచ్చి పిలుస్తున్నారు. నేను మండిపడ్డాను. ఇదీ మూఢనమ్మకమే అక్కా, నువ్వు ఒప్పుకోకూడదు, జల్లెడ గురించి చెప్పు, మసి గురించి చెప్పు అన్నాను. అక్క చీనీకాయ ఒలుస్తూ విన్నది.

"ఎదురు రాగూడదనిరి, అబద్ధం. ఇప్పుడు ఎదురు రమ్మంటాండారు, అదీ అబద్ధమే, నాకు తెల్దా? కానీ ఒకటి చూడు. ట్రాక్టరు వాళ్లింటికి పోయి, నేను తోలి దిగి, ఆయన పెండ్లాన్ని ఎక్కమంటి. ఇంటి ఆడమనిషి తోలకుంటే కలిసిరాదు అని చెప్పినా. ఆయన నోరు మూసుకుని ఆమెకు నేర్పిస్తాండాడు. నీ మసి కథ చెప్పింటే నేర్పిస్తాడా?"

అక్క చేసింది తప్పేనని వాదిస్తూ రెండు వ్యాసాలు రాశాను, ఎవరూ చదవలేదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పుడు తోటలకు బండ్లు తోలుకుపోయే ఆడవాళ్లు కనపడుతుంటారు. వాళ్లలో ఒక్కరికీ నా ఉపన్యాసం తగల్లేదు. టీ అంగట్లో ఖాళీ బెంచీలకు హేతువాదం వివరించిన ఆనాటి కుర్ర లెక్చరర్ గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. వాడు చెప్పినవన్నీ నిజాలే, పాపం.

కానీ మీకు అబద్ధం అవసరం లేదు. మీరు చదువుకున్నవాళ్లు, ఇంతదాకా ఓపికగా చదివినవాళ్లు. మీ ఇంట్లో పక్కకు నిలబెట్టిన మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు: భర్త పోయిన పిన్నమ్మో, విడిపోయి వచ్చిన చెల్లెలో, వదినో. ఏ దేవుడి సాక్ష్యమూ అడగకండి, ఏ దీపం ఆరేదాకా ఆగకండి. ఇప్పుడే లేచి, బండి తాళం తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టండి.