కళాయి సాయిబు కేక

మన క్లాస్‌మేట్ శీనుగాడి కొత్త ఫ్లూట్ వీడియో చూసేరా? పదేళ్లు కీర్తనలు నేర్చినోడు ఇప్పుడు విదేశీ డ్రమ్ములతో వాయిస్తున్నాడు. కింద "స్పెయిన్ బాణీ" అని రాసుంది. నాకు నమ్మకం కుదర్లేదు. మళ్లీ మళ్లీ విన్నాను.

గుర్తుందా, మన అనకాపల్లి వీధిలోకి ఇత్తడి గిన్నెలకి పూత పెట్టే సాయిబు వచ్చేవోడు? "కళాయీ..." అని సాగదీసి, ఆడోళ్లు గిన్నెలు తెస్తారేమోనని కాసేపు ఆగి, మళ్లీ అరిచేవోడు. వేడి గిన్నెలో చల్లే నవసాగరం పొడి తెల్లటి పొగకి దగ్గుతూ అక్కడే కూచునేవాళ్లం. శీనుగాడి ఫ్లూట్ కూడా సరిగ్గా అంతసేపే ఆగుతోంది!

ఉండబట్టలేక కామెంట్ పెట్టేను: "నిజం సెప్పు బావా, ఇది సాయిబు కేక కాదేటి?"

శీనుగాడి జవాబొచ్చింది: "దేశదేశాలు తిరిగి అదే కేక పెడతన్నాను బావా. ఇయాల్టికి ఒకడు గిన్నె అట్టుకొచ్చేడు!"