ముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదువుతుంటే దగ్గు తెర వచ్చింది. రుమాలు చూసుకుంటే రక్తపు చార. మడిచి జేబులో పెట్టుకుని మిగతా ప్రకటనలు చదివేశాను. ఎనభైల మొదటి రోజులవి. నేను పోర్టు ఆఫీసులో గుమాస్తాను, మా పెంతెకొస్తు సంఘంలో పెద్దను.

ఛాతీ ఆసుపత్రిలో ఎక్స్-రే తీశారు, కఫం పట్టి స్పుటమ్ టెస్ట్ చేశారు. "టీబీ. స్పుటమ్ పాజిటివ్. పద్దెనిమిది నెలలు మందులు వాడాలి. ఒక్క రోజు కూడా మానకూడదు," అన్నారు డాక్టరు గారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, మాత్రలు మొదలయ్యాయి. నాలుగో నెలకు దగ్గు తగ్గింది, బరువు పెరిగాను. ఇవన్నీ నా డైరీలో తేదీలతో ఉన్నాయి.

సంఘం కూడా అప్పుడే పెరుగుతోంది. ఉక్కు ఫ్యాక్టరీ పనులకు వచ్చిన జనంతో మా శివారు నిండిపోయింది. తాటాకు పాకలో పదిహేను మందితో మొదలైన ప్రార్థన, రేకుల షెడ్డు కూడా చాలక మైదానంలో మైకులు కట్టేదాకా వచ్చింది. తుఫాను వస్తే ముందు మా గంజి కేంద్రమే తెరుచుకునేది. వీధి కుళాయి కావాలన్నా జనం మా పాస్టరు అయ్యగారి దగ్గరికే వచ్చేవారు. ఆ పాకకు గుంజలు పాతినవాళ్లలో నేనొకణ్ణి.

రోగుల కోసం మైదానంలో పెట్టే స్వస్థత కూటాలకు ఎమ్మెల్యే గారు వస్తున్నారని తెలిశాక అయ్యగారు నన్ను పిలిచారు.

"బ్రదర్, దేవుడు మీ జబ్బు బాగుచేశాడని మీరు సాక్ష్యం చెప్పాలి."

"ఇంకా మందులు మింగుతున్నానండి. తగ్గుతోందని చెబుతాను."

"తగ్గుతోంది అంటే సగం అవిశ్వాసం. స్వస్థపడ్డాను అనండి. ముందు నోరు ఒప్పుకుంటే ఒళ్లు వెనకాలే వస్తుంది."

మావాళ్ల అలవాటే అది, జరగాల్సినదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం. ఉద్యోగం రాకముందే 'వచ్చింది, స్తోత్రం' అంటాం. ఏ రోజు సంగతి ఆ రోజు ఉన్నదున్నట్టు రాసే నేను కూడా డైరీలో 'స్వస్థపడ్డాను' అని రాశాను. మైదానంలో మైకు ముందు అదే మాట చెప్పాను. నాచేత తెప్పించిన మాత్రల సీసాను అయ్యగారు పైకెత్తి, "ఇక దీంతో పనిలేదు!" అన్నారు. జనం హల్లెలూయ అన్నారు. ఎమ్మెల్యే గారు చప్పట్లు కొట్టారు. ఆ సీసా తిరిగి అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "దేవుడు బాగుసేసినా మాత్ర మింగితే ఏటైపోద్ది? ఆయనేటి అలుగుతాడా?" అంది. కసిరాను. ఆసుపత్రికి వెళ్లడం కూడా మానేశాను.

ఐదు నెలలకు గ్లాసుడు రక్తం పడింది. కొత్త ఎక్స్-రే చూసి డాక్టరు గారు, "రెండో లంగ్‌కి కూడా పాకింది. రెసిస్టెన్స్ వచ్చేసినట్టుంది, ఇక పాత మందులు పనిచేయవు. మందు ఎవరు ఆపమన్నారు?" అన్నారు. ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు.

వార్డులో ఉన్నన్ని నెలలూ అయ్యగారు రాలేదు. నేను సొంతూరు వెళ్లానని సంఘంలో ప్రకటించారట. నా సాక్ష్యాన్ని మాత్రం కరపత్రంగా అచ్చువేసి పంచుతూనే ఉన్నారట. మా ఆవిడ చెబితే మొదట నమ్మలేదు.

పక్క మంచం మీద ఎర్రయ్య అని రేవులో మోతపని చేసే కలాసీ ఉండేవాడు. రెండు రోజులు నా వంక చూసి చూసి అడిగాడు.

"బాబూ, ఆ మైదానంలో మైకులో సెప్పింది మీరే గదేటి?"

"నేనే."

"మీ మాట ఇనే నాను మందు ఆపీసినాను. మరి మీరేటి ఇక్కడున్నారు?"

కోపంతో కాదు, నిజంగా తెలియకే అడిగాడు. పదకొండో రోజున అతను పోయాడు, ఆ మంచం ఖాళీ అయింది.

డిశ్చార్జి అయిన వారమే సంఘానికి వెళ్లి, నా సాక్ష్యం సరిదిద్దుకోవడానికి రెండు నిమిషాలు ఇమ్మన్నాను.

"మీ విశ్వాసం జారింది బ్రదర్. దాన్ని జనానికి అంటించకండి," అన్నారు అయ్యగారు. పెద్దల బెంచీలో నా చోట వేరొకరు కూర్చున్నారు. వెనక నిలబడి, ప్రార్థన కాకముందే వచ్చేశాను.

ఇప్పుడు రిటైరయ్యాను. రెండోసారి ఇచ్చిన రెండేళ్ల మందులు అప్పుడే పూర్తిచేశాను. స్పుటమ్ నెగటివ్. మెట్లెక్కితే ఆయాసం మాత్రం మిగిలింది. ప్రార్థన ఇంట్లోనే చేసుకుంటున్నాను.

మీరూ ప్రార్థించండి, మొక్కుకోండి. మందు ఎప్పుడు ఆపాలన్నది మాత్రం స్పుటమ్ రిపోర్టు చూసిన డాక్టరు నోటే వినండి. వేదికెక్కి నాలాంటివాడు ఎంత బాగా చెప్పినా వినకండి.