తోడు వచ్చినవారి పేరు

తొంగ్‌యంగ్ రేవులోని ఆల్చిప్పల షెడ్డులో మల్‌సుక్ ముప్ఫై ఏళ్లుగా చిప్పలు ఒలుస్తోంది. పిల్లల్లేరు. చేపల ఓడల మీద దేశాలు తిరిగిన మొగుడు దల్‌సూ పోయి పన్నెండేళ్లు. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా, ఆమె ఇంకో మగాడి ముఖం తలెత్తి చూసింది లేదు.

అలాంటి మనిషికి పని మధ్యలో ఆరోగ్య కేంద్రం నుంచి ఫోనొచ్చింది. మొన్న చేసిన పరీక్షలో గర్భసంచి ముఖద్వారం దగ్గర వైరస్ కనబడిందట. ఆడామగా కలయికలో అంటుకునేదట, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉండగలదట. వదిలేస్తే కేన్సర్ కావచ్చు, చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి, రమ్మంది నర్సు.

పక్కనే ఒలుస్తున్న కుమ్‌జా చెవి ఇటే వేసింది.

"ఎవడు వదినా వాడు? మాకు తెలీకుండా ఎక్కడ దాచావేంటి?"

షెడ్డంతా గొల్లుమంది. మల్‌సుక్ కూడా నవ్వేసింది. నవ్వి, పరీక్షకు వెళ్లడం మానేసింది. వెళ్తే లేని తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది, పిచ్చిది. ఇచ్చిన తేదీలు రెండూ దాటిపోయాయి.

ఇంతలో దల్‌సూ తద్దినం వచ్చింది. ఎండుచేప, అట్లు పటం ముందు పెట్టి, అన్నంలో చెంచా నిలువుగా గుచ్చింది. పోయినవాళ్లు తినేదాకా ఉన్నవాళ్లు గది బయట ఆగాలి. వస్తున్నామని తెలిసేలా మూడుసార్లు దగ్గి, అప్పుడు లోపలికి రావాలి. ఏటా ఖాళీ ఇంట్లో ఒక్కతే నిలబడి దగ్గేది. ఈసారి బయటికి పోలేదు. పటానికి ఎదురుగా కూలబడింది.

"ఏ రేవులో తగిలించుకున్నావు?" అంది. "పెళ్లికి ముందా, తరవాతా? అదైనా చెప్పి తిను."

అన్నం చల్లారిపోయింది. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో డాక్టర్లు కూడా చెప్పలేరని నర్సు అననే అంది. తిట్టడానికి మనిషి లేడు, క్షమించడానికీ లేడు. మల్‌సుక్ కరువుతీరా ఏడ్చి, చెంచా పెరికి, ఆయన అన్నం తనే తినేసింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. కాగితంలో 'తోడు వచ్చినవారి పేరు' అన్నచోట అలవాటుగా దల్‌సూ అని రాసింది.

"ఈయన ఫోన్ నంబరేది అమ్మమ్మా? పిలిస్తే వస్తారా?" అడిగింది అక్కడి నర్సు.

"ఏడాదికోసారి వస్తాడు తల్లీ. తింటాడు. నోరు మాత్రం విప్పడు."

నర్సు కాగితం మళ్లీ ఆమె ముందుకు జరిపింది. మల్‌సుక్ ఆ పేరు కొట్టేసి తన పేరు రాసుకుంది. పరీక్ష గది తలుపు ముందు ఆగి, మూడుసార్లు దగ్గి, లోపలికి వెళ్లింది.