వెనక గదికి మామయ్య పెట్టిన థర్మోస్టాట్

మా మామయ్య పోయాడు. పోయిన నెలలో, మిరప కల్లాలు ఖాళీ అయిపోయి కోల్డ్ స్టోరేజీలు నిండిపోయిన రోజుల్లో, పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, వాలుకుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వెనక వాటాలో నేను కుట్టుమిషను దగ్గర ఉన్నాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, మీ మామయ్య పలకడం లేదే" అంది. గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఉండటం వల్లే నాకు అర్థమైపోయింది.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నల్లపాడులో మాది ఒకటే ఇల్లు, రెండు వాటాలు. ముందు వాటాలో అత్తయ్యా మామయ్యా, వెనక వాటాలో మా ఆయనా నేనూ మా అమ్మాయీ. మామయ్య ఉద్యోగమంతా మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు నడపడం. బస్తాలున్న గదుల్లో చలి ఎంత ఉందో చూసుకోవడం, పెరిగితే తగ్గించడం, తగ్గితే ఆపడం, అదే ఆయన పని.

గుంటూరు ఎండల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రోళ్ళు పగిలే ఆ ఎండలో స్వెట్టర్ వేసుకుని సైకిలు తొక్కే మనిషిని మీరెప్పుడైనా చూశారా? మేము రోజూ చూశాం. బూడిదరంగు స్వెట్టరు. చలిగదిలోకి వెళ్ళేటప్పుడు తొడుక్కున్నది విప్పడం మర్చిపోయి అలాగే ఇంటికి వచ్చేవాడు. దాని నిండా మిరప ఘాటు. ఆయన గుమ్మంలో కాలు పెడితే చాలు, ఇంట్లో అందరం వరసగా తుమ్మేవాళ్ళం. "ఏం చేయను, అదే నా సెంటు" అని నవ్వేవాడు. ఆ స్వెట్టరు మోచేతులు చిరిగితే నేనే అతుకులు వేశాను. కొత్తది కొనుక్కోమంటే, "ఇది నాకు అలవాటైంది, నేను దానికి అలవాటయ్యాను" అని తప్పించుకునేవాడు.

ఎవరింటికి వెళ్ళినా గడపలో ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకునేవాడు. ముంజేతిని వెనక్కి తిప్పి గోడకు ఆనించేవాడు. "మీ పడమటి గోడ బాగా కాగుతోందండీ, రెండు మొక్కలు పెట్టుకోండి" అనేవాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినచోట కూడా అలాగే అన్నాడని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. ఆ గోడ వాళ్ళ పుట్టింటిదే.

మా అమ్మాయికి పుట్టుకతోనే చెమట పట్టదు. ఒంట్లో ఆ గ్రంథులే లేవు. పసిపిల్లగా ఉన్నప్పుడు మాకు తెలియలేదు. ఎండాకాలం రాగానే ఒళ్ళు పెనంలా కాలిపోయేది, జ్వరమనుకుని మందులు పోసేవాళ్ళం. చివరికి ఒక పెద్ద డాక్టరు గారు చూసి, ఇది జ్వరం కాదమ్మా, లోపలి వేడి బయటకు పోయే దారి లేదు, వేసవి మొత్తం చల్లటి గదిలో ఉంచండి, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది అని చెప్పాడు. ఇంటికొచ్చి నేను గోడకానుకుని కూర్చున్నాను. ఈ ఊళ్ళో చల్లటి గది ఎక్కడుంది? మామయ్య నా ముందు నిలబడి, "నేనున్నాగా. ఇన్నాళ్ళూ మిరపకాయల్ని చల్లగా పెట్టాను. మన పిల్లని పెట్టలేనా?" అన్నాడు.

పాత విండో ఏసీ ఒకటి బాగుచేయించి తెచ్చాడు, వేరేగా ఒక థర్మోస్టాట్ కూడా. చలి పెంచే తగ్గించే బుడిపె ఏసీకే ఉండగా మళ్ళీ వేరే థర్మోస్టాట్ ఎందుకని మా ఆయన అడిగాడు. "ఏసీ దాని ముక్కు దగ్గరి గాలిని కొలుచుకుంటది బాబూ. దాని ముక్కు చల్లబడితే మనకేంటి? పిల్ల దగ్గర ఎంతుందో కదా మనకు కావాల్సింది" అన్నాడు మామయ్య. అరచేయంత పెట్టె, దాని ముందు ఎర్రటి అంకెలు, వెనక నుంచి పొడుగాటి తీగ, తీగ చివర వేడిని పసిగట్టే చిన్న గుండు. అదీ థర్మోస్టాట్.

వైరింగు చేసిన రోజు నేను స్టూలు పట్టుకున్నాను. ముందుగా మెయిన్ కట్టేసి, ఫ్యూజు ఊడదీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నా జేబులో ఉన్నంతసేపు నన్ను ఎవరూ ఏం చేయలేరు" అన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి, "మిక్సీ వేసుకోవాలి, తొందరగా ఇవ్వండి" అని కేకేస్తే జేబు మీద చెయ్యి వేసుకుని ఇటు తిరిగిపోయాడు. ఆ చిన్న పెట్టె ఏసీ కరెంటును నేరుగా మొయ్యలేదు, మోయిస్తే లోపల మాడిపోతుంది. అందుకని మధ్యలో కాంటాక్టర్ అనే లావుపాటి స్విచ్చి బిగించాడు. పెట్టె సైగ చేస్తుంది, కాంటాక్టర్ టక్కుమని పడి ఏసీని నడుపుతుంది. గది చల్లబడితే మళ్ళీ టక్కుమని వదిలేస్తుంది.

ఆ తర్వాత అంకెలు పెట్టడం. ఇరవై నాలుగు దగ్గర ఆగాలి, ఒక డిగ్రీ పెరిగాక మళ్ళీ మొదలవ్వాలి. మధ్యలో ఆ ఒక్క డిగ్రీ ఎందుకని అడిగాను. "తేడా లేకపోతే ఊరికే ఆగుద్ది, ఊరికే లేస్తది. అట్టా లేపితే మెషీను చచ్చిపోద్ది. ఆగినదాన్ని కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి." ఆగాక వెంటనే లేవకుండా కొన్ని నిమిషాల విరామం కూడా దాన్లోనే పెట్టాడు. మొదటిసారి గది చల్లబడి కాంటాక్టర్ టక్కుమన్నప్పుడు వేలు పైకెత్తి, "అదిగో, చాలంది" అన్నాడు. ఆనాటి నుంచి ఆ చప్పుడు వినబడ్డ ప్రతిసారీ మామయ్య ఆ మాట అనాల్సిందే. కొన్నాళ్ళకు మా అమ్మాయి కూడా ఆయనతో కలిసి అనడం నేర్చుకుంది.

కానీ మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం గండం వచ్చింది. పెట్టె మీద ఇరవై నాలుగు కనబడుతోంది, ఏసీ ఆగి ఉంది, మామయ్య చాలంది అనేసి పేపరు చదువుకుంటున్నాడు. నేను పిల్లకు పాలు తాగిద్దామని లోపలికి వెళ్ళాను. మంచం మూల ముడుచుకుని పడుకుని ఉంది, బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఒళ్ళు కాలిపోతోంది. నా కేకకు మామయ్య పరుగున వచ్చాడు, పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి చెంబులు చెంబులు నీళ్ళు పోశాడు. పిల్ల ఏడ్చేదాకా పోస్తూనే ఉన్నాడు. అది ఏడ్చాక ఈయన ఏడ్చాడు.

జరిగిందేమిటంటే, ఆ గుండును ఆయన స్టోరేజీలో వేలాడదీసే అలవాటు కొద్దీ ఎత్తుగా, ఏసీ గాలి సూటిగా తగిలే గోడకు పెట్టాడు. చల్లగాలి ముందు దానికి తగులుతోంది, అది చాలంటోంది. మంచం మూలకు గాలి చేరడమే లేదు. "బస్తా పెట్టినచోటే ఉంటది. ఎక్కడ చూసినా ఒకటే చలి. పిల్ల అట్టా ఉంటదా? నా బుర్ర ఇంకా స్టోరేజీలోనే ఉందమ్మా" అన్నాడు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అయినా చాలా రోజులు నా మొహంలోకి సూటిగా చూడలేకపోయాడు.

ఆ సాయంత్రమే గుండును అక్కడి నుంచి ఊడదీసి మంచం తలవైపు పట్టెకు, పిల్ల తల ఉండే ఎత్తులో కట్టాడు. చెయ్యి తగలకుండా నేను దోమతెర గుడ్డతో చిన్న సంచి కుట్టిచ్చాను. మర్నాడు మధ్యాహ్నమంతా స్వెట్టరు తొడుక్కుని మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. ఒక చెయ్యి పిల్ల మెడ మీద, కళ్ళు ఎర్ర అంకెల మీద. పిల్ల ఆ మూలకు దొర్లితే ఈయన ఆ మూలకు జరిగేవాడు. అప్పటికే ఆయన మోకాళ్ళు దెబ్బతిన్నాయి. చలికి దూరంగా ఉండమని డాక్టరు చెప్పి ఉన్నాడు. "రిటైరైనా ఈయనకు చలిగదే కావాలి" అని అత్తయ్య విసుక్కుంటూ దుప్పటి తెచ్చి కాళ్ళ మీద కప్పి వెళ్ళింది. లేచేటప్పుడు మంచం పట్టుకుని లేచాడు. ఆ రోజు నాతో అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెల్లుతుంది. "అంకె చూడు, కాదన్ను. ముందు మాత్రం మెడ మీద చెయ్యి వెయ్యి."

ఆ తర్వాత ప్రతి వేసవీ మా అమ్మాయి ఆ గదిలోనే పెరిగింది. చదువూ ఆటా నిద్రా అక్కడే. పిల్లకు తోడని మామయ్య భోజనం కాగానే స్వెట్టరుతో వచ్చేసేవాడు. ఇద్దరూ అష్టాచెమ్మా ఆడేవాళ్ళు, ఇద్దరూ దొంగాట ఆడేవాళ్ళే. తలుపు విషయంలో మాత్రం ఆయన పరమ చాదస్తంగా ఉండేవాడు. ఎవరైనా లోపలికి వచ్చి తలుపు సరిగ్గా వెయ్యకపోతే "తలుపు" అని వీధి చివరికి వినబడేలా అరిచేవాడు. అమ్మాయి స్కూలు నుంచి దాన్ని చూడ్డానికొచ్చిన పెద్దాయన మీద కూడా అలాగే అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత నేను గొడవపడితే, "గౌరవం బయట ఇస్తా, చలి బయటికి పోనివ్వను" అన్నాడు. కరెంటు పోయినా ఆ గది ఆగకూడదని పెద్ద ఇన్వర్టర్ పెట్టించి, దాని నుంచి ఆ గది ఒక్కదానికే వైరు లాగాడు. దానికి ఇంకేదీ తగిలించొద్దని మా అందరి చేతా ఒప్పించుకున్నాడు. తన వాటాలో ఫ్యాను కూడా దానికి కలపనివ్వలేదు. కరెంటు లేనప్పుడు బయట వేపచెట్టు కింద విసనకర్రతో కూర్చునేవాడు.

ఆయన పోయిన రోజు సంగతి చెప్పాలి. ఆయన కూతురు విశాఖపట్నం నుంచి రావాలి. అందాకా ఉంచాలి గనక ఫ్రీజర్ బాక్సు తెప్పించారు. సాయంత్రానికి కూతురు వచ్చింది, తండ్రి ముఖం చూసుకుంది, అంతా సవ్యంగానే జరిగింది. నేను చెప్పదలచుకున్నది ఆ మధ్యాహ్నం గురించి.

ఎండ నడినెత్తిన ఉండగా కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నారు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. వెనక గదిలో ఏసీ ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ముందు గదిలో బాక్సు ఆగిపోయింది. మా ఆయన కంగారులో వెనక గది బోర్డు నుంచి వైరు లాక్కొచ్చి బాక్సుకు తగిలించాడు. ఇన్వర్టర్ కీచుమని అరిచి, రెండింటినీ మొయ్యలేక చచ్చి ఊరుకుంది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. రెండింట్లో ఒకటే నడుస్తుంది.

బంధువుల్లో ఒక పెద్దావిడ మెల్లగా అంది. "పోయినాయనకు ఈ ఒక్కపూట మర్యాద జరగాలి కదమ్మా. పిల్లకు తడిగుడ్డ కప్పితే సరిపోద్దిగా." ఆవిడ చెడ్డది కాదు, ఆ ఎండ మా అమ్మాయిని ఏం చేస్తుందో ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. అయినా, నా పిల్ల కోసం ఆయన్ని ఎండకు వదిలేయమని అత్తయ్య ఎదుట ఎలా అనను?

ఇంతలో మా అమ్మాయే బయటికి వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది. తల మీద తడి తువ్వాలు కప్పుకుని ఉంది. "నాది తీసెయ్యండి. తాతయ్యది పెట్టండి. నేను నీళ్ళు పోసుకుంటా" అంది. అప్పటికే చెంపలు కందుతున్నాయి.

అత్తయ్య పొద్దుటి నుంచి ఆయన కాళ్ళ దగ్గర నుంచి కదల్లేదు. అప్పుడు లేచింది. ముందు పిల్ల దగ్గరకు వచ్చి మెడ మీద చెయ్యి వేసింది. తర్వాత వెళ్ళి బాక్సు ప్లగ్గు పీకేసింది. "ఆయన ఆ వైరు లాగింది దీని గదికి. తనకు కాదు" అంది. మా ఆయన ఇన్వర్టర్ మళ్ళీ వేశాడు. వెనక గదిలో ఏసీ లేచిన శబ్దం వినబడింది. ఎవరో ఐసు దిమ్మల కోసం పరిగెత్తారు. అత్తయ్య మళ్ళీ ఆయన దగ్గర కూర్చుని, మాకెవరికీ కాకుండా, ఆయనకే చెప్పింది. "బతుకంతా చలిలోనే ఉన్నారు. ఇక చాల్లెండి." లోపలికి వెళ్ళి ఆ బూడిదరంగు స్వెట్టరు తెచ్చి, మూత ఎత్తించి, ఆయన గుండెల మీద పరిచింది. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

అమ్మాయిని లోపలికి వెళ్ళమన్నాను. కాసేపుండి వెళ్తానంది. ఐసు రాలేదింకా. ఇంటినిండా జనం, ఉక్క. చల్లటి బాక్సు అద్దం మీద చెమట బొట్లు పట్టాయి. ఒకదాన్నొకటి తాకి కిందికి జారుతున్నాయి, లోపల ఆయన ముఖం మసకగా ఉంది. చెమటంటే ఎలా ఉంటుందో ఎరగని పిల్ల తన తల మీది తువ్వాలు తీసి, ముఖం ఉన్నచోట మెల్లగా తుడిచింది. మళ్ళీ పడితే మళ్ళీ తుడిచింది.

అప్పుడు వెనక గదిలోంచి టక్కుమని వినబడింది. గది చల్లబడిందన్నమాట. మా అమ్మాయి అద్దం మీద చెయ్యి ఉంచి, "చాలంది తాతయ్యా" అని, లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు సరిగ్గా వేసుకుంది.