మిషను ఆపమన్నది నేనే

డిగ్రీ చివరి ఏడాదిలో ఇద్దరిద్దరు కలిసి పది నిమిషాల ఆడియో డాక్యుమెంటరీ చేయాలన్నారు మా సారు. మా నంద్యాల కాలేజీకి నా స్నేహితురాలు రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేది. అక్కడ విగ్రహాలు చెక్కే షెడ్డులో వాళ్ల నాయన రాళ్లు కోసే మిషను నడుపుతాడు. ఇంకేం కావాలి! ఉలి చప్పుడు మీద చేద్దామని తీర్మానించేశాను. తనను అడిగానా అంటే, అడగలేదు. అప్పట్లో నాకు అన్నీ తెలుసు కదా!

ఆదివారం ఆ షెడ్డులో అడుగు పెట్టగానే చెవులు చిల్లులు పడ్డాయి. మిషను రాయిని కోస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. వాళ్ల నాయన మూతికి తువ్వాలు కట్టుకుని, కనురెప్పల దాకా దుమ్ముతో నిలబడి ఉన్నాడు.

"చిన్నాయనా, రికార్డింగు చేసుకోవాల. కొంచేపు ఆపుతావా?" అని అరిచాను.

"దానికేముంది పాపా" అని ఆపేసి, రెండు గంటలు బయట కూర్చున్నాడాయన. లోపల మేము విగ్రహం చెక్కే పెద్ద మేస్త్రి ఉలి దెబ్బలు ఒక్కొక్కటే పట్టుకున్నాం. స్నేహితురాలు ముభావంగా ఉంది. ఎండకేమోలే అనుకున్నాను.

వారం రోజులు ఎడిటింగ్ చేశాం. 'శిలకు ప్రాణం పోసే చేతులు' అంటూ నా గొంతుతో నేనే తెగ ఊదరగొట్టాను. సారుకు ఇచ్చేముందు వాళ్ల నాయనకు వినిపిద్దామంది తను. ఆళ్లగడ్డలో వాళ్లింటి గడప మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆయన పది నిమిషాలూ కదలకుండా విన్నాడు.

"బాగా చేసినారు పాపా. మేస్త్రిదంతా వచ్చింది" అన్నాడు. ఇయర్‌ఫోన్లు లుంగీకి తుడిచి నా చేతికిస్తూ, "ఇందులో నేను యాడుండానమ్మా?" అన్నాడు.

ఇయర్‌ఫోన్లు సంచిలో కుక్కుకుని లేచాను. నన్ను బస్సెక్కించడానికి వచ్చిన స్నేహితురాలు మాత్రం బస్టాండులో కడిగిపారేసింది.

"మా నాయన కోస్తేనే గదా ఆ రాయి మేస్త్రి చేతికి పోయేది? ఆయప్పనే ఆపేస్తివి. ఆపొద్దనేదానికి నాకు నోరు రాలేదు."

"ఆ రొద పెడితే ఎవరు వింటారు మే? మార్కులు పోతాయి!"

"పోతే పోనీ. మా నాయన లేకుంటే నా పేరు గూడా తీసెయ్."

చర్రుమని కోపమొచ్చి బస్సెక్కేశాను. నంద్యాల చేరేలోపు ఆ కోపం చల్లారింది గానీ, తల కొట్టేసినట్టయింది. ఒక మనిషిని తన పని చోటు నుంచి లేపి బయట కూర్చోబెట్టి, ఆ పని మీదే డాక్యుమెంటరీ చేశానా నేను! ఛీ!

గడువు ఇంకా రెండు రోజులుంది. మర్నాడే తనను బతిమాలి వెంటబెట్టుకుని మళ్లీ షెడ్డుకు పోయి, "ఈసారి ఆపొద్దు చిన్నాయనా" అన్నాను. రికార్డింగుకని ఫోను మిషను దగ్గర పెడితే ఒట్టి గరగర తప్ప ఏమీ రాలేదు. అప్పుడు స్నేహితురాలు ఫోను లాక్కుని తలుపు దగ్గర నిలబడింది. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్ల! రంపం రాయిలోకి దిగేది, నీళ్లు పోసేది, పలక విడిపోయే ముందు మిషను గొంతు మారేది, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయింది. నా వ్యాఖ్యానం మొత్తం తీసిపారేసి తన మాటలే పెట్టాం. నా బతుకులో నేను చేసిన మంచి ఎడిటింగ్ అదే. ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

క్లాసులో మా వంతు వచ్చింది. స్పీకరులోంచి మిషను ఒక్కసారిగా గీపెట్టేసరికి ముందు బెంచీల వాళ్లు చెవులు మూసుకున్నారు. సారు మొహం చిట్లించి సౌండు తగ్గించబోయారు.

మూడేళ్లలో క్లాసులో ఒక్కసారీ నోరెత్తని నా స్నేహితురాలు లేచి నిలబడింది.

"తగ్గించొద్దు సార్. మా నాయన పని చేస్తాండాడు."

సారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.